సగం కనిపించే అంగారకుడు



కొత్తగా టెలిస్కోప్ కొన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "గ్రహం ఉడుకుతున్నట్టు కనబడుతోందండీ, అద్దం పాడైపోయిందా?" అద్దానికి ఏమీ కాలేదు. ఉడుకుతున్నది మన నెత్తిమీది గాలి. గ్రహం నుంచి బయల్దేరిన వెలుతురు కోట్ల కిలోమీటర్లు ఏ ఆటంకమూ లేకుండా ప్రయాణించి, ఆఖరి పది పదిహేను కిలోమీటర్లలో చెదిరిపోతుంది. చల్లటి గాలి ఒక రకంగా, వెచ్చటి గాలి ఇంకో రకంగా దాన్ని వంచుతాయి. రెండూ కలగలిసి పారేచోట గ్రహం అంచులు వణుకుతాయి, మచ్చలు కరిగిపోయి మళ్లీ తేలతాయి. అలాంటి రాత్రి కాగితం, పెన్సిలు పట్టుకుని గ్రహం బొమ్మ గీయాలా, వద్దా? ఇదే ఇవాళ్టి నా విషయం. గీయాలనే నా అభిప్రాయం. కాకపోతే ఏది గీయాలో, ఏది వదిలేయాలో తెలిసి గీయాలి. ఆ తేడా తెలియకపోవడం వల్లే ఒకప్పుడు గొప్ప గొప్ప ఖగోళ పరిశీలకులు కూడా అంగారకుడి మీద లేని కాలువలను ఏళ్ల తరబడి గీస్తూ వచ్చారు.

ముందు కొలతలు చూద్దాం. ఆరంగుళాల అద్దమున్న టెలిస్కోప్, గాలి అడ్డురాకపోతే, ముప్పాతిక ఆర్క్ సెకను ఎడంలో ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపగలదు. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. గాలి బాగాలేని రాత్రి ఒక్కో చుక్క మూడు నాలుగు ఆర్క్ సెకన్ల మేర అలుక్కుపోతుంది. 2025 జనవరిలో అంగారకుడు మనకు దగ్గరగా వచ్చినప్పుడు ఆకాశంలో ఆ గ్రహం వెడల్పు పద్నాలుగున్నర ఆర్క్ సెకన్లు. అంటే ఆ బింబం ఈ చివరి నుంచి ఆ చివరికి అలాంటి మరకలు నాలుగైదు మించి పట్టవు. అంత ఇరుకు జాగాలో ఒక లోకం ముఖాన్ని గుర్తుపట్టాలి.

అయితే గాలి రాత్రంతా ఒకేలా వణకదు. మధ్యలో అర సెకను, ఒక్కోసారి ఒక సెకను పాటు నిలబడుతుంది. ఆ క్షణంలో మచ్చ అంచు తెగినట్టు స్పష్టంగా కనబడి మళ్లీ మాయమవుతుంది. ఇప్పుడు కెమెరాలు వాడే ఔత్సాహికులు వేల ఫ్రేముల వీడియో తీసి, నిలకడగా ఉన్నవాటిని కంప్యూటర్‌తో ఏరి, ఒకదానిమీద ఒకటి కలుపుతారు. ఐపీస్ దగ్గర కూర్చుని గీసేవాడు చేసేదీ ఆ ఏరే పనే. ఏరేది కన్ను, కలిపేది జ్ఞాపకం. చిక్కంతా కలిపేచోటే వస్తుంది.

1877లో అంగారకుడు భూమికి బాగా చేరువగా వచ్చాడు. ఆ ఆగస్టులోనే వాషింగ్టన్‌లో ఆసఫ్ హాల్ ఆ గ్రహానికి ఉన్న రెండు చిన్న చంద్రులను కనిపెట్టాడు. అదే కాలంలో ఇద్దరు మనుషులు రెండుచోట్ల కూర్చుని అంగారకుడి బొమ్మలు గీశారు. ఒకరు ఇటలీలోని మిలాన్‌లో, బ్రెరా వేధశాలలో పనిచేసిన జొవాన్ని స్కియాపరెల్లి. ఆయన ఇంజనీరింగ్ చదువుకున్నవాడు, కొలతల మనిషి. 22 సెంటీమీటర్ల కటకంతో చూసి, గ్రహాన్ని పటంగా గీశాడు. గట్టి అంచులు, వాటి మధ్య సన్నటి గీతలు. రెండోవారు నథానియల్ గ్రీన్ అనే ఆంగ్ల చిత్రకారుడు. ఆయన అట్లాంటిక్ సముద్రంలోని మదీరా ద్వీపానికి వెళ్లి, 13 అంగుళాల అద్దంతో చూసి, మెత్తటి నీడలు గీశాడు. ఆయన బొమ్మల్లో ఎక్కడా తీగల్లాంటి గీతలు లేవు. రెండు లేత ఛాయలు కలిసే సరిహద్దునే స్కియాపరెల్లి గీతగా చూసి ఉంటాడని గ్రీన్ అన్నాడు. ఇద్దరిదీ ఒకే గ్రహం, ఒకే ఏడాది. ఈ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడటం గ్రహాలు గీయాలనుకునే ప్రతివారూ చేయాల్సిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తర్వాత కథ మీలో చాలామంది వినే ఉంటారు. అమెరికాలో సంపన్నుడైన పెర్సివల్ లోవెల్ 1894లో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో సొంత వేధశాల కట్టించి, వందల గీతలు గీసి, అవి ఎండిపోతున్న ఆ గ్రహంలో ధ్రువాల మంచునీటిని పొలాలకు తెచ్చుకునేందుకు అక్కడి బుద్ధిజీవులు తవ్విన కాలువలని పుస్తకాలు రాశాడు. అదే 1894లో కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో ఎడ్వర్డ్ బర్నార్డ్ 36 అంగుళాల కటకంతో చూస్తే, పెన్సిలుకు అందనంత వివరం కనబడింది గానీ ఒక్క సరళరేఖ కూడా కనబడలేదు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేసే ప్రయోగం ఒకటుంది. గ్రీనిచ్ వేధశాలలో పనిచేసే వాల్టర్ మౌండర్, అక్కడి రాయల్ హాస్పిటల్ స్కూలు ప్రధానోపాధ్యాయుడు ఎవాన్స్‌తో కలిసి, 1903లో ఆ బడి పిల్లలకు ఒక బొమ్మ చూపించి దాన్ని చూసి గీయమన్నాడు. అంగారకుడిలాంటి ఆ బింబంలో మచ్చలు, చుక్కలు, వంకర టింకర గుర్తులు ఉన్నాయి. కాలువలు లేవు. పిల్లలు తరగతి గదిలో వేరువేరు దూరాల్లో కూర్చున్నారు. బాగా దగ్గర కూర్చున్నవాళ్లు ఉన్న చుక్కలను ఉన్నట్టే గీశారు. బాగా దూరంలో ఉన్నవాళ్లకు సన్న వివరమేదీ కనబడలేదు, వాళ్లు గీయనూ లేదు. మధ్య దూరంలో కూర్చున్న పిల్లలు మాత్రం గీతలు గీశారు. చుక్కలు విడిగా కనబడీ కనబడని ఆ దూరంలో, కన్ను వాటిని కలిపి గీత చేసేసింది. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. తమకు కనబడిందే గీశారు.

నేను చెప్పదలచినది ఇదే. బొత్తిగా పాడైన గాలి మనల్ని మోసం చేయదు. గ్రహం ఎర్రటి ముద్దగా వణుకుతుంటే ఏ మచ్చా కనబడదు, ఏమీ కనబడలేదని రాసి లేచిపోతాం. మోసం చేసేది సగం బాగున్న గాలి. ఏదో ఉందని తెలుస్తుంది, ఏముందో తెలియదు. ఆ ఖాళీని మనసు ఊరికే ఉంచదు. తనకు తెలిసిన ఆకారంతో, నిన్న ఫోటోలో చూసిన ఆకారంతో నింపేస్తుంది. పెరట్లో ఆరంగుళాల టెలిస్కోప్ పెట్టుకున్న మనకు దొరికే రాత్రుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

కాలువల కథకు ముగింపు కూడా ఒక మంచి గాలి రాత్రే. గ్రీకు సంతతికి చెందిన యూజీన్ ఆంతోనియాడి అంతకుముందు ఫ్రాన్స్‌లో ఫ్లమారియన్ అనే ఖగోళ పరిశీలకుడి దగ్గర పనిచేసినప్పుడు తానూ కాలువలు గీసినవాడే. 1909 సెప్టెంబర్ 20న పారిస్ పక్కనున్న మెడాన్‌లో 83 సెంటీమీటర్ల కటకం వెనక కూర్చున్నప్పుడు గాలి అద్భుతంగా నిలబడింది. గీతలున్నాయన్న చోట్ల చిన్నచిన్న మచ్చలు, గరుకు అంచులు, చెల్లాచెదురు ఛాయలు బయటపడ్డాయి. 1965 జులైలో మారినర్ 4 నౌక పంపిన ఫోటోల్లో ఉల్కాపాతపు గుంతలు కనిపించడంతో ఆ వాదం పూర్తిగా ముగిసింది.

ఇక గీయడం సంగతి. ముందుగానే, పగటి పూట, కాగితం మీద కంపాస్‌తో 50 మిల్లీమీటర్ల వృత్తాలు గీసి పెట్టుకోండి. చీకట్లో గుండ్రంగా గీయబోతే అక్కడే అరగంట పోతుంది. గురుగ్రహానికైతే గుండ్రం పనికిరాదు. అది వేగంగా తిరుగుతుంది కనుక ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల అడ్డానికి 47 మిల్లీమీటర్ల నిలువు ఉంచాలి. పిల్లలు పరీక్షలకు తీసుకెళ్లే క్లిప్పు అట్ట దీనికి బాగా పనికొస్తుంది. పెన్ను వద్దు, మంచుకు సిరా పాకుతుంది. హెచ్‌బీ పెన్సిలు ఒకటి, 2బీ ఒకటి, రబ్బరు, ఛాయను మెత్తగా అలకడానికి వేలిచివర చాలు. స్టూలు వేసుకుని కూర్చోండి. నిలబడి వంగి చూస్తే మెడ పట్టేస్తుంది, మెడ నొప్పిపెడుతుంటే కన్ను ఓపిక పట్టదు. దీపం గురించి భయం అక్కర్లేదు. గ్రహం తానే కాంతిమంతమైనది గనుక సన్నటి టార్చి వెలుతురు చాలు, పూర్తి చీకటి కావాలన్న నియమం నీహారికలు చూసేవాళ్లకే.

గాలి బాగాలేనప్పుడు హెచ్చింపు తగ్గించండి. 250 రెట్ల దగ్గర ముద్దగా ఉన్న గ్రహం 120 రెట్ల దగ్గర గట్టిగా, చిన్నగా నిలబడుతుంది. ఆ చిన్నదాంట్లోనే ఎక్కువ కనబడుతుంది. అంగారకుడికి నారింజరంగు ఫిల్టర్ ఉంటే వేయండి. ఎరుపు వైపు కాంతిని గాలి తక్కువగా కదిలిస్తుంది, పైగా ముదురు మచ్చలు విడిగా తేలతాయి.

కనిపించగానే పెన్సిలు పెట్టొద్దు. ఇది నేను పాటించే నియమాల్లో మొదటిది. మొదటి పది నిమిషాలు ఊరికే చూడండి. ఒక మచ్చ గాలి నిలిచిన క్షణంలో ఒకచోట కనబడింది అనుకుందాం. మళ్లీ గాలి నిలిచేదాకా ఆగండి. అదేచోట రెండోసారి, మూడోసారి కనబడితేనే కాగితం మీదికి ఎక్కించండి. ఒక్కసారే మెరిసి పోయినదాన్ని బింబంలో గీయకుండా, పక్కన మాటల్లో రాసి ప్రశ్నార్థకం పెట్టండి. అంచు ఎక్కడ ఆగిందో తెలియకపోతే గీత గీయకండి, ఛాయను మసకగా వదిలేయండి. గ్రీన్ చేసిన పని అదే. ఫోన్‌లో ఆ రాత్రి గ్రహం ఎలా ఉండాలో చూపించే యాప్‌లు ఉన్నాయి, మంచివే. గీయడం ముగిశాక తెరవండి. ముందే తెరిస్తే ఆ బొమ్మే ఐపీస్‌లో కనబడుతుంది.

2025 సంక్రాంతి నాటి మాట చెబుతాను. ఆ జనవరి 16న అంగారకుడు సరిగ్గా సూర్యుడికి ఎదురుగా ఉన్నాడు. భోగి మంటల పొగ, పొలాల మీది మంచు కలిసి ఊరంతా పల్చటి తెర. నక్షత్రాలు పట్టుమని పది కూడా కనబడలేదు. అయినా అంగారకుడు ఆ తెరలోంచి ఎర్రగా, ఆశ్చర్యం కలిగించేంత నిలకడగా వెలిగాడు. ఉత్తర ధ్రువం దగ్గర తెల్లటి మంచు టోపీ, దాని దిగువన ఒక ముదురు ఛాయ, అంతే. ఆ రెండే గీశాను. మిగతా బింబమంతా ఖాళీగా వదిలాను. నా దగ్గరున్న బొమ్మల్లో నాకు చాలా ఇష్టమైన వాటిలో అదొకటి.

పొగమంచు రాత్రి గ్రహం నిలకడగా ఎలా ఉందని మీరడగవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉండటం వేరు, గాలి కదలకుండా ఉండటం వేరు. వాన వెలిసి, ఉత్తర గాలి వీచి, నక్షత్రాలు మిలమిలలాడే రాత్రి చూడటానికి చాలా బాగుంటుంది. కానీ ఆ మిలమిలే గాలి అల్లకల్లోలానికి గుర్తు. మంచు కప్పి, ఆకు కదలని రాత్రి నక్షత్రాలు మసకబారినా గ్రహం తరచుగా కుదురుగా ఉంటుంది. ఆకాశం బాగాలేదని టెలిస్కోప్ లోపల పెట్టేసే ధనుర్మాసపు రాత్రుల్లో కొన్ని గ్రహాలకు అచ్చమైన రాత్రులు.

మన ఇళ్ల దగ్గర గాలిని పాడుచేసేది చాలావరకు మన డాబాలే. రోళ్లు పగిలే ఎండను పగలంతా తాగిన స్లాబు, అర్ధరాత్రి దాటినా అరికాలికి వెచ్చగా తగులుతుంది. ఆ వేడి పైకి లేస్తూ టెలిస్కోప్ గొట్టం ముందు నుంచే పోతుంది. పెరట్లో మట్టినేల ఉంటే డాబా ఎక్కొద్దు. డాబా తప్పదనుకుంటే, వేసవిలో పడుకునేముందు నీళ్లు చల్లుకునే అలవాటు మనకు ఉంది కదా, పొద్దుగూకే వేళకే ఆ పని చేయండి. గ్రహం పక్కింటి రేకుల కప్పు మీదుగానో, ఏసీ బయటి డబ్బా మీదుగానో కనబడే చోట టెలిస్కోప్ పెట్టొద్దు. అద్దం కూడా చల్లబడాలి. గదిలోంచి తెచ్చాక కనీసం గంట బయట ఉంచాకే ఐపీస్ పెట్టండి.

గీసిన ప్రతి బొమ్మ కింద రాయాల్సినవి కొన్ని ఉన్నాయి. తేదీ, వేళ, అద్దం వెడల్పు, హెచ్చింపు, దిక్కు, గాలి తీరు. వేళను అంతర్జాతీయ సమయంలో రాయండి. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే సరి, రాత్రి 10:30 అంటే 17:00. దిక్కు తెలియాలంటే టెలిస్కోప్‌ను తిప్పే మోటారు ఆపి చూడండి. గ్రహం జారిపోతున్నప్పుడు ముందుగా బయటికి పోయే అంచు పడమర. అద్దాల టెలిస్కోప్‌లో బొమ్మ తలకిందులుగా ఉంటుంది, దాన్ని సరిచేయకుండా కనబడినట్టే గీయండి. గాలి తీరుకు ఆ ఆంతోనియాడి పేరు మీదే ఐదు మెట్ల కొలత ఉంది. ఒకటి అంటే వణుకే లేని గాలి, ఐదు అంటే గీయడమే కష్టం. బొమ్మ కింద నాలుగు అని నిజాయితీగా రాస్తే, ఆ బొమ్మలోని ఖాళీలకు అర్థం వస్తుంది.

వేళ రాయడం ఎంత గొప్ప పనో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 1659లో హాలండ్‌లో క్రిస్టియాన్ హైగెన్స్ ఇవాళ్టి లెక్కలో చాలా నాసిరకం కటకంతో అంగారకుణ్ణి చూసి, ముక్కోణపు నల్లమచ్చ ఒక్కటే గీశాడు. సిర్టిస్ మేజర్ అని ఇప్పుడు మనం పిలిచేది అదే. అది తిరిగి తిరిగి అదేచోటికి రావడం చూసి అక్కడి రోజు దాదాపు మన రోజంతే ఉంటుందని తేల్చాడు. 1666లో లండన్‌లో రాబర్ట్ హుక్ గీసిన బొమ్మలూ అంతే మోటుగా ఉంటాయి. కానీ వాటికి వేళలు రాసి ఉన్నాయి. రెండు వందల ఏళ్ల తర్వాత, 1860లలో, రిచర్డ్ ప్రాక్టర్ ఆ పాత బొమ్మల్లోని మచ్చ స్థానాన్ని తన కాలపు బొమ్మలతో పోల్చి, అంగారకుడి భ్రమణ కాలం 24 గంటల 37 నిమిషాల 22.7 సెకన్లని లెక్కకట్టాడు. ఇప్పటి కొలతకు దీనికీ తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. లోవెల్ వందల గీతల పటం దేనికీ పనికిరాలేదు, హుక్ గీసిన ఆ మసక మచ్చలు పనికొచ్చాయి.

ఖాళీగా వదిలిన బింబం కూడా సమాచారమే. 2018 జూన్‌లో ధూళి తుపాను అంగారకుణ్ణి మొత్తంగా కప్పేసింది. అక్కడి నేల మీదున్న ఆపర్చునిటీ రోవర్ జూన్ 10న పంపిన సంకేతమే దాని చివరి మాట అయింది. జులై 27 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టిన చంద్రుడి పక్కనే అంగారకుడు నిప్పులా ఉన్నది మీకు జ్ఞాపకం ఉండొచ్చు, వానమబ్బుల సందుల్లోంచి చూసినవాళ్లం చాలామందిమి. ఆ రోజుల్లో టెలిస్కోప్‌లో ముదురు మచ్చలు దాదాపుగా లేవు. అప్పుడు ఖాళీ బింబం గీసినవాళ్లు సరిగ్గా గీశారు. అయితే ఆ ఖాళీ ధూళి వల్ల వచ్చిందా, మన గాలి వల్ల వచ్చిందా అన్నది తేలాలంటే కింద గాలి తీరు రాసి ఉండాలి. బింబం అంచు తెగినట్టు పదునుగా ఉండి, మచ్చలు మాత్రం లేకపోతే ఆ తెర అంగారకుడిది. అంచు కూడా వణుకుతుంటే అది మనది.

అనుమానం తీర్చుకోవడానికి అంగారకుడే ఒక దారి ఇస్తాడు. ఆ గ్రహం ఒక చుట్టు తిరగడానికి మనకంటే సుమారు 37 నిమిషాలు ఎక్కువ పడుతుంది. కనుక ఇవాళ రాత్రి 10 గంటలకు చూసిన ముఖమే రేపు 10:37కి, ఎల్లుండి 11:14కి దాదాపు అలాగే కనబడుతుంది. వరసగా కొన్ని రాత్రులు ఆ వేళలు పట్టుకుని, ముందు రాత్రి బొమ్మ తిరగేయకుండా, కొత్త కాగితం మీద గీయండి. తర్వాత అన్నీ పక్కపక్కన పరచండి. అన్నిట్లోనూ ఒకేచోట ఉన్న మచ్చ గ్రహానిది. ఒక్కదాంట్లోనే ఉన్నది ఆ రాత్రి గాలిదో, మీ మనసుదో. పాడు గాలికి నాకు తెలిసిన మంచి మందు ఇదొక్కటే. గురుగ్రహంతో ఇంత తీరిక ఉండదు. పది గంటలకు ఒక చుట్టు తిరిగేస్తుంది గనుక పది నిమిషాల్లో మచ్చలు ఆరు డిగ్రీలు జరుగుతాయి. అక్కడ పెద్ద పట్టీలు, ఎర్రమచ్చ స్థానం ముందు పెట్టేసి, వివరాలు తర్వాత నింపాలి.

మన అక్షాంశం గురించి ఒక మాట. లండన్ వాళ్లకు 2018లో అంగారకుడు ఇళ్ల కప్పులకు కాస్త పైన మాత్రమే లేచాడు. ఏటవాలుగా, మందమైన గాలి పొరల్లోంచి చూడాల్సి వచ్చింది. అదే విజయవాడలో ఆకాశంలో సగం ఎత్తు దాటి ఉన్నాడు. గ్రహాలు నడిచే బాట తెలుగునేల మీద చాలావరకు నడినెత్తికి దగ్గరగా పోతుంది. శీతాకాలంలో గ్రహాల బొమ్మను చెడగొట్టే పై గాలుల ఉధృత ప్రవాహం కూడా ఎక్కువగా ఉత్తర భారతం మీదే ఉంటుంది. ఉష్ణమండలపు ఈ సౌకర్యాన్ని బాగా వాడుకున్నవాడు సింహళంలోని ట్రింకోమలీలో ఉన్న సైన్యాధికారి పెర్సీ మోల్స్‌వర్త్. తన సొంత పన్నెండున్నర అంగుళాల అద్దంతో గురుగ్రహాన్ని చూస్తూ 1901 ఫిబ్రవరిలో దాని దక్షిణ భాగంలో పుట్టిన ఒక పెద్ద అలజడిని మొదట పట్టుకున్నాడు. అది దాదాపు నలభై ఏళ్లు నిలిచింది. పెరటి పరిశీలకుడు గాలిని, మచ్చను, వేళను ఓపిగ్గా రాసుకున్నందుకు దక్కిన ఫలితం అది.

2027 ఫిబ్రవరి 10 ప్రాంతంలో గురుడు, 19న అంగారకుడు సూర్యుడికి ఎదురుగా వస్తారు. ఇద్దరూ సింహరాశి వైపే ఉంటారు, అర్ధరాత్రి వేళకు మనకు దాదాపు నడినెత్తిన. అంగారకుడి బింబం ఈసారి చిన్నది, పద్నాలుగు ఆర్క్ సెకన్లకు కాస్త తక్కువ. 200 రెట్లు హెచ్చిస్తే మామూలు కంటికి కనబడే చంద్రుడికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఉత్తర ధ్రువం మనవైపు వంగి ఉంటుంది గనుక ముందు తెల్లటి మంచు టోపీ కోసం వెతకండి. మొదటి గంట గురుడి మీద చేయి తిప్పుకుని, స్లాబులూ అద్దమూ చల్లబడ్డాక అంగారకుడి వైపు తిరగండి. కాగితం మీద వృత్తాలు జనవరిలోనే గీసి పెట్టుకోండి.